సాయం ఎప్పుడు అడగాలి, ఎంతవరకు అడగాలి?

ఉద్యోగం చేస్తూనే సొంతంగా గణాంకశాస్త్రం నేర్చుకుంటున్న నేను, లెక్క ముందుకు సాగనప్పుడు కృత్రిమ మేధ సాధనాన్ని, అదీ చాలకపోతే విషయం తెలిసిన మిత్రుణ్ణి అడుగుతుంటాను. నమూనా విస్తృతిని (నమూనాలోని విలువలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) లెక్కించేటప్పుడు పరిశీలనల సంఖ్యతో కాక, దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో ఎందుకు భాగిస్తారో ఆ సాధనం చక్కగా వివరించింది; చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది గానీ, చూడకుండా రాయబోతే రెండో మెట్టు దగ్గరే కలం ఆగిపోయింది. మళ్లీ మళ్లీ చదవడం కంటే, చూడకుండా గుర్తు చేసుకున్నదే వారం తర్వాత కూడా ఎక్కువగా నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రయోగపూర్వకంగా చూపారు కనుక, సాయం మానుకోవడం కాదు, దాన్ని తీసుకునే తీరు మార్చుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం.

ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి: అడిగే ముందు ఎంతసేపు సొంతంగా ప్రయత్నిస్తారు? పూర్తి జవాబు కాక ఒక్క సూచన మాత్రమే అడగడం మీకు పనికొచ్చిందా? ఏ సందేహాన్ని సాధనానికి కాక మనిషికే వదిలిపెడతారు?