షిల్లాంగ్‌లో టాగోర్ ఉన్న ఇళ్లు చూసినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మేలో అమ్మని తీసుకుని షిల్లాంగ్ వెళ్తున్నాం. 1923 వేసవిలో రవీంద్రనాథ్ టాగోర్ కుటుంబంతో కలిసి అక్కడి రిల్‌బాంగ్‌లో, జిత్‌భూమి అనే ఇంట్లో ఉన్నారు. ‘రక్తకరబి’ నాటకం మొదలుపెట్టింది అక్కడే, అప్పట్లో దాని పేరు ‘యక్షపురి’. 1919లో ఆయన దిగిన బ్రూక్‌సైడ్ బంగళా కూడా రిల్‌బాంగ్‌లోనే.

అమ్మ బెంగాలీ నవలల తెలుగు అనువాదాలు చదువుతూ పెరిగిన మనిషి. జలపాతాలు మీరు చూసుకోండి, నాకు ఆ ఇళ్లు చూపిస్తే చాలు అంటోంది. పాత స్వెటర్ అప్పుడే డాబా మీద ఎండలో వేసేసింది కూడా!

టెన్షనల్లా ఆవిడ మోకాళ్ల గురించే. పది మెట్లెక్కితే కూర్చోవాల్సిందే. పోలీస్ బజార్ నుంచి ట్యాక్సీ గేటు దాకా వెళ్తుందా? లోపలికి రానిస్తారా, బయట నుంచే చూసి రావాలా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.