కారులో ఉన్న ఫీచర్‌కే నెలనెలా సబ్‌స్క్రిప్షన్: కట్టాలా, వదిలేయాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒకరు వాడిన ఎలక్ట్రిక్ కారు కొనబోతున్నాను. బండి బాగుంది, బ్యాటరీ రిపోర్టూ బాగుంది. నడిపి చూసినప్పుడు వెనక సీటు హీటర్లు, ముందు బండిని రాడార్‌తో చూసి వేగం సర్దుకునే అడాప్టివ్ క్రూజ్, ఎదురు బండి వస్తే దానంతటదే తగ్గే హైబీమ్, అన్నీ పనిచేశాయి. తర్వాత యాప్‌లో మెనూలు తిరగేస్తే తెలిసింది, వాటిలో కొన్ని అమ్మే ఆయన ఖాతా మీద నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్లట. బండి నా పేరు మీదికి మారాక ఏవి ఉంటాయి, ఏవి పోతాయి అని అడిగితే డీలర్ సూటిగా చెప్పడం లేదు.

డబ్బు సంగతి ఒక్కటే అయితే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. సీటు లోపల హీటర్ తీగ ఉంది, బంపర్ వెనక రాడార్ ఉంది. వాటి బరువు మోసేది నేను ఛార్జ్ చేసుకునే బ్యాటరీయే. రేపు బంపర్‌కి దెబ్బ తగిలి రాడార్ పోతే ఆ ఖర్చూ నాదే. వాడుకోవడానికి మాత్రం నెలనెలా ఒకరి అనుమతి కావాలి. ఇది నాకు మింగుడుపడటం లేదు. ఇలాంటి బండ్లు తీసుకున్నవాళ్లు ఏం చేశారో చెప్పండి. నెలవారీ కట్టాలా, ఒకేసారి కట్టేయాలా, అసలు వద్దనుకోవాలా?

జవాబు 1

నేను నెలవారీకే ఓటేస్తాను. హీటర్ అవసరం చలి రోజుల్లోనే కదా, ఆ నెలలకే కట్టి ఆపేస్తే సరిపోతుంది. బీఎండబ్ల్యూ 2022లో బ్రిటన్‌లో సీటు హీటర్‌కి పెట్టిన ధర నెలకి 15 పౌండ్లు, శాశ్వతంగా అయితే 350. నాలుగైదేళ్లలో బండి మార్చేవాళ్లకి నెలవారీ లెక్కే తేలిక. కంపెనీ వైపు నుంచీ చూడండి. ఒక్కో బండికి ఒక్కో రకం వైరింగ్ వేయడం కంటే అన్నిటికీ ఒకే సామాను బిగించడం ఫ్యాక్టరీకి సులువు.

జవాబు 2

నేను కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. పై జవాబులో ఫ్యాక్టరీ మాట నిజమే. కానీ ఆ సులువు వల్ల మిగిలే డబ్బు కంపెనీది, సామాను ధర మాత్రం బండి ధరలోనే కలిసి మన దగ్గరికి వస్తుంది. అందుకే నేను ఎవరికైనా ఒకటే చెప్తాను. ఆ ఫీచర్ నడవడానికి కంపెనీకి నెలనెలా ఖర్చు ఉందా? లైవ్ ట్రాఫిక్, మ్యాప్‌లు, బండిలో ఇంటర్నెట్, ఫోన్ నుంచి తాళం తీయడం వీటికి సర్వర్ నడవాలి, సిమ్ డేటా కావాలి. వాటికి సబ్‌స్క్రిప్షన్ అడిగితే న్యాయమే, నేనూ కడతాను.

సీటు హీటర్‌కి ఆ ఖర్చు ఎక్కడుంది? కరెంటు మన బ్యాటరీది. లోపల జరిగేదల్లా ఇంతే: కంపెనీ సర్వర్ మీ ఛాసిస్ నంబర్ చూసి ఫలానా తేదీ దాకా అనుమతి అని ఒక డిజిటల్ పత్రం పంపుతుంది, కంట్రోల్ యూనిట్ దాన్ని చూసి మెనూలో బటన్ చూపిస్తుంది. తేదీ దాటితే బటన్ మాయం.

మెర్సిడెస్ జర్మనీలో ఈక్యూఎస్ అనే ఎలక్ట్రిక్ కారుకి ఇదే చేసింది. వెనక చక్రాలు 4.5 డిగ్రీలు తిరగడం మామూలుగా వస్తుంది, 10 డిగ్రీలు తిరగాలంటే ఏడాదికి 489 యూరోలు. మోటారూ అదే, యాక్సిలూ అదే. 2021లో టొయోటా వ్యవహారం నన్ను ఇంకా బాధపెట్టింది. కీ ఫాబ్, అంటే చేతిలో ఉండే రిమోట్ తాళంచెవి, నుంచి బండికి సిగ్నల్ నేరుగా రేడియోలో వెళ్తుంది, మధ్యలో సర్వర్ పనే లేదు. అయినా కొన్ని మోడళ్లలో కనెక్టెడ్ సర్వీస్ అనే సబ్‌స్క్రిప్షన్ గడువు తీరితే ఫాబ్‌తో దూరం నుంచి బండి స్టార్ట్ చేయడం ఆగిపోయేది.

జనం గట్టిగా వద్దంటే కంపెనీలు వింటాయి కూడా. ఐఫోన్‌ని బండి స్క్రీన్ మీద వాడుకునే కార్‌ప్లేకి ఏడాదికి 80 డాలర్లు అడిగిన బీఎండబ్ల్యూ 2019 చివర్లో వెనక్కి తగ్గింది. సీటు హీటర్ల సబ్‌స్క్రిప్షన్‌నీ 2023లో మానేసింది. అందుకే బిగించి ఉన్న సామానుకి నెలవారీ కట్టొద్దంటాను. కడుతూ పోతే రేపు ఇంకో మీటకి తాళం పడుతుంది.

మీకు తప్పదనిపిస్తే ఒకేసారి కట్టండి. కానీ అది బండికి అంటుకుని ఉంటుందా, మీ ఖాతాకా అన్నది ముందు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోక్స్‌వ్యాగన్ 2025లో బ్రిటన్‌లో ఐడీ.3 అనే ఎలక్ట్రిక్ కారు పవర్ 150 నుంచి 170 కిలోవాట్లకి పెంచుకోవడానికి నెలకి 16.50 పౌండ్లు, శాశ్వతంగా 649 పౌండ్లు పెట్టింది. ఆ శాశ్వతం బండితోపాటే కొత్త యజమానికి వెళ్తుంది. అన్ని చోట్లా అలా ఉండదు.

జవాబు 3

ఇంత ఆలోచన ఎందుకండీ, అన్‌లాక్ చేసేవాళ్లు ఉన్నారుగా. 2023లో బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు టెస్లా వెనక సీటు హీటర్లని డబ్బు కట్టకుండానే తెరిచి చూపించారు.

జవాబు 2 రాసినవారు

అది పరిశోధన. ప్రాసెసర్‌కి వోల్టేజీ తేడా చేసి సాధించారు, బండిలోంచి బోర్డు బయటికి తీసి చేసే పని. ఇంటి దగ్గర చేయించుకుంటే వారంటీ పోవచ్చు, తర్వాతి అప్‌డేట్‌తో మళ్లీ మూసుకుపోవచ్చు. బ్రేకులకీ రాడార్‌కీ సంబంధించిన యూనిట్లని తెలియని చేతుల్లో పెట్టకండి. తాళం అన్యాయమైనదే కావచ్చు, ప్రాణం మీది పని మాత్రం వేరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అయితే డబ్బు ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి? ఆయన యాప్‌లోంచి లాగౌట్ అయితే చాలా?

జవాబు 2 రాసినవారు

లాగౌట్ చాలదు. ఆయన ఖాతాలోంచి బండిని పూర్తిగా తీసేయమనండి, స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. తర్వాత నెట్‌వర్క్ అందే చోట కాసేపు ఆగి, ఒక్కో ఫీచర్ మళ్లీ నొక్కి చూడండి. అప్పుడు పనిచేస్తున్నవాటికే లెక్కకట్టి ధర మాట్లాడండి. ఛాసిస్ నంబర్ ఇచ్చి కంపెనీకి ఈమెయిల్ కూడా పెట్టండి, ఏది ఏ తేదీ దాకా ఉందో వాళ్ల జవాబు మీ దగ్గర ఉండాలి. అమెరికాలో ఒకరు డీలర్ దగ్గర వాడిన టెస్లా కొన్నాక, డ్రైవింగ్‌లో సాయపడే ఆటోపైలట్ ఫీచర్‌కి ఆయన డబ్బు కట్టలేదని కంపెనీ దాన్ని తీసేసింది, గొడవయ్యాక 2020లో తిరిగి ఇచ్చింది. అమ్మకం ప్రకటనలో ఆ ఫీచర్ పేరు రాసి ఉంది. అందుకే మీ డీలర్ ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి.