దాతలకు కృతజ్ఞతగా ఒక పూట భోజనం: థీమ్, ఖర్చు, వడ్డన... మీ అనుభవాలు చెప్పండి

కాకినాడ కోడలు
మాది చిన్న ట్రస్టు. ఇంటర్ పాసైన పేదపిల్లలకి డిగ్రీ, పాలిటెక్నిక్ ఫీజులు కడతాం. దాతలు వందమందికి పైనే ఉంటారు. నెలనెలా ఐదొందలు పంపే రిటైర్డ్ టీచర్లూ ఉన్నారు, ఒకేసారి రెండు లక్షలిచ్చిన రొయ్యల వ్యాపారీ ఉన్నారు. అందర్నీ ఓ రాత్రి భోజనానికి పిలుద్దామనుకుంటున్నాం. ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరుతో కోనసీమ భోజనం పెడదామని నా ఆలోచన. మా సెక్రటరీ గారికేమో స్టార్ హోటల్లో బఫే, శాలువాలు, మెమెంటోలు కావాలి. ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు
సీతమ్మ గారికే నా ఓటు. ఆవిడ 1909లో పోయినా, గోదారి పాయ వైనతేయ మీద కాలువ నీళ్లని దాటించే వంతెనకి (అక్విడెక్టు) ఆవిడ పేరే, 2024 నుంచి మన ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఎడ్వర్డ్ చక్రవర్తి ఆహ్వానం పంపినా వెళ్లలేదని మా వైపు చెప్పుకుంటారు. అలాంటి మనిషి పేరు పెట్టి శాలువాలు కప్పుతానంటే ఎట్లాగండీ? ఆ ఒక్క మాట మీ సెక్రటరీ గారితో అనండి చాలు.

ఫ్లెక్సీ మీద ఆవిడ ఫొటో, ప్లేట్లో గోబీ మంచూరియా అయితే అది థీమ్ కాదు. పులిహోర, పూర్ణం బూరెలు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు. ఇంతకు మించి ఐటెమ్స్ పెంచకండి, విస్తట్లో వదిలేస్తారు. దాతల్లో జైనులుంటే కంద, దుంపలు లేని కూర ఒకటి విడిగా చెప్పండి.

ఆడిటర్ బాబాయ్
మెనూ తర్వాత, ముందు డబ్బు సంగతి చూడమ్మా. "మేమిచ్చిన డబ్బుతో మాకే విందా?" అని ఒక్కరైనా అంటారు. పిల్లల ఫీజులకని ఇచ్చిన దాంట్లోంచి పైసా తీయొద్దు. కమిటీ సభ్యులో, ఊళ్లో ఒకరిద్దరో ఈ ఖర్చు కోసమే ఇస్తే దానికి వేరే పద్దు రాయండి, ఆహ్వానపత్రిక మీద ఆ విషయం ఒక లైను వేయండి. బియ్యం, నెయ్యి ఎవరైనా వస్తురూపంలో ఇస్తే దానికి దాతకి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. నగదు కూడా 2,000 దాటితే రాదు. ఈ రెండూ ముందే చెప్పేయండి, తర్వాత మొహమాటం.

ఇంకోటి. పన్ను మినహాయింపు కోసం దాతలకిచ్చే విరాళం సర్టిఫికెట్లు మే 31 లోపు ఇవ్వాలి కదా, అవన్నీ పంపేశాకే భోజనానికి పిలవండి. రసీదు అందని దాతకి బూరె రుచించదు. ఎలాగూ ఆషాఢం వచ్చేస్తుంది, ముహూర్తాలుండవు. కల్యాణ మండపాలు ఖాళీ, వంటవాళ్లూ దొరుకుతారు, రేటూ దిగుతుంది. వాన మాత్రం చూసుకోవాలి. తొలి ఏకాదశి రోజున పెట్టకండేం!

ఓరుగల్లు
పాతకాలం బంతి భోజనాలు అందరికీ తీపి గుర్తు కాదు. మా తాతల్ని దూరంగా విడిగా కూర్చోబెట్టి చివర్న వడ్డించేటోళ్లు. కాబట్టి వరసలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో పేర్లు రాసి పెట్టకండి. వీఐపీ టేబుల్ అసలే వద్దు. ఐదొందలిచ్చిన మాస్టారూ రొయ్యల వ్యాపారీ పక్కపక్కన కూర్చుంటేనే ఈ థీమ్‌కి అర్థం. కార్లు నడుపుకుంటూ వచ్చిన డ్రైవర్లనీ అదే బంతిలో కూర్చోబెట్టండి. మేం అట్లనే చేసినం, ఎవ్వరూ కిమ్మనలేదు.

హోమ్ అక్క
మీ పిల్లల్ని స్టేజీ ఎక్కించి "మా నాన్న లేడు, మీరే దేవుళ్లు" అనిపించొద్దు, దండం పెడతాను. ఆ పూటకి దాతల కళ్లు చెమరుస్తాయేమో గానీ, మర్నాడు కాలేజీలో ఆ అమ్మాయి తలెత్తుకోలేదు. మాది పిల్లల హోమ్. మా పిల్లల పేర్లు, ఫొటోలు మీడియాలో వస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. మీవాళ్లు కాలేజీ పిల్లలు కాబట్టి ఆ చట్టం అడ్డు రాకపోవచ్చు, అయినా అడిగే ఫొటో తీయండి. వడ్డన కూడా పిల్లలతో చేయించకండి. చదువు పూర్తయి ఉద్యోగంలో ఉన్నవాళ్లుంటే పిలిచి దాతల మధ్య కూర్చోబెట్టండి. పప్పన్నం తింటూ "ఎక్కడ చేస్తున్నావమ్మా?" అని దాతలే అడుగుతారు, మాటలు వాటంతటవే నడుస్తాయి.

డల్లాస్ తెలుగోడు
ఖర్చు మేం పెట్టుకుంటాం అని ఇక్కణ్ణుంచి ఎవరైనా ముందుకొస్తే వాళ్లది ఏ పాస్‌పోర్టో అడగండి. భారత పౌరులైతే ఇబ్బంది లేదు. నాలా అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళం కిందే లెక్క. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని ట్రస్టు తీసుకోకూడదు.

ఆడిటర్ బాబాయ్
బాగా గుర్తుచేశావు బాబూ. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. విందులకి ఆ డబ్బు వైపు చూడకపోవడమే మంచిది.

కాకినాడ కోడలు
అందరికీ థాంక్సండీ. శాలువాలు ఎగిరిపోయాయి, సెక్రటరీ గారు మెమెంటోల దగ్గర ఇంకా బెట్టు చేస్తున్నారు. ఇంకో టెన్షన్: ముఖ్య అతిథిగా ఎమ్మెల్యే గారిని పిలవాలంటున్నారు. వడ్డనకి ఎంతమంది కావాలి?

గోదారి గట్టు
పిలిస్తే పిలవండి గానీ ఆయన కోసం వడ్డన ఆపకండి. వచ్చినప్పుడు వచ్చి బంతిలో కూర్చుంటారు. ఉపన్యాసాలు పెరుగన్నం అయ్యాకే, అదీ రెండు నిమిషాలు.

మనుషుల లెక్క కన్నా నెయ్యి గిన్నె పట్టుకునేవాణ్ణి చూసుకోండి. పప్పు వెళ్లిన వెంటనే వాడు వెనకాలే ఉండాలి. వాడు ఆలస్యమైతే పప్పన్నం చల్లారిపోతుంది, పెద్దవాళ్లు చెయ్యి ఆపి చూస్తూ కూర్చుంటారు. కొత్త కుర్రాళ్లు ఆకు ఎటుపడితే అటు వేసేస్తారు, కొస ఎడమవైపు రావాలని ముందే చెప్పండి. మోకాళ్ల నొప్పులవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి నేల మీద వద్దు, బల్లల మీద ఆకు వేయండి. ఆకులు రావులపాలెం నుంచి తెప్పించుకోండి. ఆ రోజు పొద్దున కోసినవే అడగండి, ముందురోజువి మడత దగ్గర చిరిగి పులుసంతా బల్ల మీదికి కారుతుంది.