స్టేషను వెనుక ఫుట్‌పాత్, పార్కింగ్ స్థలం నమ్మదగినట్టు కనిపించాలంటే ఎలా చేయాలి?

లూప్‌లైన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా హెచ్‌ఓ స్కేలు (అసలు కన్నా 87 రెట్లు చిన్న) నమూనా రైల్వే లేఅవుట్‌లో పట్టాల పని, స్టేషను భవనం పూర్తయ్యాయి. స్టేషనుకు వెనుకవైపు, దుకాణాల వరుసకు ముందు 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు గల ఖాళీ ఒకటి మిగిలింది. అందులో దుకాణాల వెంబడి ఒక ఫుట్‌పాత్, దానికి ఆనుకుని ప్రయాణికుల కార్లు నిలిపే స్థలం చేయాలని రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. మొదటిసారి చేసినది నాకు తృప్తినివ్వలేదు. దాన్ని పూర్తిగా తీసేసి మళ్లీ మొదలుపెట్టే ముందు అనుభవం ఉన్నవారి సలహా తీసుకోవాలనుకుంటున్నాను.

ఫుట్‌పాత్‌ను 3 మి.మీ. మందపు అట్టతో కోసి, తెల్ల జిగురుతో అతికించి, నీళ్లలో కలిపే అక్రిలిక్ రంగు వేశాను. మర్నాటికల్లా అట్ట రెండు చివరలూ పైకి లేచాయి. దాని మీద మనిషి బొమ్మను నిలబెడితే ఫుట్‌పాత్ మీద కాకుండా ప్లాట్‌ఫారం మీద నిలుచున్నట్టు ఉంటోంది. పార్కింగ్ కోసం ప్లైవుడ్ మీదే నేరుగా నల్లరంగు పూసి తెల్లని గీతలు గీశాను. అది తారు నేలలా లేదు, బడిలోని నల్లబల్లను పడుకోబెట్టినట్టు ఉంది. నా దగ్గరున్న కార్లు ఆ గీతల మధ్య ఇమడటం లేదు. వీటన్నిటికీ తోడు, దుకాణాల లోపలి దీపాలు వెలిగించినప్పుడు గోడల అడుగు నుంచి సన్నని వెలుతురు గీత బయటికి కనిపిస్తోంది. ఎంత మందం వాడాలి, ఏ పదార్థం మేలు, తారు నేలకు ఆ పాతబడిన రూపం ఎలా వస్తుంది అన్నవి దయచేసి వివరించగలరు.

మీటర్‌గేజ్

లూప్‌లైన్ గారూ, రంగుల సంగతి తరువాత చూద్దాం; ముందుగా లెక్క సరిచూసుకోండి. హెచ్‌ఓ అంటే 1:87 కాబట్టి మీరు వాడిన 3 మి.మీ. అట్ట అసలు లోకంలో 26 సెంటీమీటర్ల గట్టుతో సమానం. మామూలు ఫుట్‌పాత్ అంచు రోడ్డు కన్నా సుమారు 15 సెంటీమీటర్లే ఎత్తుంటుంది, అంటే మన స్కేలులో 1.7 మి.మీ. మాత్రమే. మనిషి బొమ్మ ప్లాట్‌ఫారం ఎక్కినట్టు కనిపించడానికి కారణం ఇదే. ఒకటిన్నర మీటర్ల వెడల్పు గల ఫుట్‌పాత్‌కు 17 మి.మీ. చాలు.

పార్కింగ్ విషయానికి వస్తే, ఒక్కో కారుకు 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, కార్లు వెనక్కి తీసి తిప్పుకోవడానికి 24 అడుగుల దారి అన్నవి విరివిగా వాడే కొలతలు. హెచ్‌ఓలో అవి వరుసగా 31.5, 63, 84 మి.మీ. అవుతాయి. మీరు రెండు వరుసలు పెట్టాలనుకుంటే రెండు వైపులా కార్లకూ నడుమ దారికీ కలిపి 210 మి.మీ. కావాలి, మీ దగ్గర 180 మాత్రమే ఉంది. ఒకే వరుస అయితే 147 మి.మీ. సరిపోతుంది, మిగిలిన 33లో 17 ఫుట్‌పాత్‌కు పోగా, 16 మి.మీ. పచ్చిక పట్టీకి వదలవచ్చు. దారి వెడల్పు తగ్గించి రెండో వరుసను ఇరికించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దని నా మనవి. లోపలికి వెళ్లిన కారు బయటికి రాలేదన్న సంగతి చూసేవారికి వెంటనే తడుతుంది.

కార్లు గీతల్లో పట్టకపోవడం గురించి ఒక అనుమానం. మీ కార్ల పొడవు ఒకసారి కొలవండి. నాలుగున్నర మీటర్ల కారు హెచ్‌ఓలో 52 మి.మీ. ఉండాలి. అది 70 మి.మీ. దాకా వచ్చిందంటే అవి 1:64 బొమ్మ కార్లు. గీతలు ఎంత కచ్చితంగా గీసినా వాటి ముక్కు బయటికే వస్తుంది. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలు (1:160) వారు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడ ఒక్కో కారు చోటు 17 మి.మీ. వెడల్పు, 34 మి.మీ. పొడవు ఉంటుంది, ఫుట్‌పాత్ అంచు ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది.

స్లీపర్

అట్ట వంగడానికి కారణం తడి ఒకే వైపు నుంచి లోపలికి పోవడం. అట్టే వాడాలనుకుంటే రంగు వేసే ముందు రెండు వైపులా, అంచులకు కూడా వార్నిష్ పట్టించి ఆరనివ్వాలి. అయితే ఇంత పొడవైన ఫుట్‌పాత్‌కు నేను 1.5 మి.మీ. స్టైరీన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) షీటునే ఎంచుకుంటాను. అది స్కేలులో 13 సెంటీమీటర్ల ఎత్తు, కంటికి సరిగ్గా ఆనుతుంది.

కాంక్రీటు పలకల మధ్య గీతలను కత్తి మొనతో కోయవద్దు. కత్తి వెన్నుతో, స్టీలు పట్టీ ఆనించి, చేతి బరువు వేయకుండా రెండుసార్లు లాగితే సన్నని గాడి పడుతుంది. అలా లాగినప్పుడు గాడికి రెండు పక్కలా ప్లాస్టిక్ కొద్దిగా ఉబ్బుతుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. దాన్ని సన్నని ఉప్పుకాగితంతో రుద్ది చదును చేయకపోతే రంగు వేశాక ప్రతి పలకకూ చుట్టూ గట్టు కట్టినట్టు కనిపిస్తుంది. నా మొదటి ఫుట్‌పాత్‌లో నేను ఈ పని చేయలేదు, చివరకు ఆ ముక్క మొత్తం తీసి కొత్తది వేయవలసి వచ్చింది. పలకలు 17 మి.మీ. చతురస్రాలుగా ఉంటే చాలు. రోడ్డు వైపు అంచు పదును పోయేలా ఉప్పుకాగితంతో ఒక్కసారి రాయండి, ఎందుకంటే నిజమైన అంచు ఎక్కడా కత్తిలా ఉండదు.

వెలుతురు గీత సమస్యకు కూడా ఇక్కడే పరిష్కారం ఉంది. ఫుట్‌పాత్ షీటును దుకాణాల గోడ దగ్గర ఆపకుండా భవనాల కిందికి పూర్తిగా సాగనిచ్చి, గోడలను దాని మీద నిలబెట్టండి. అప్పుడు గుమ్మాలు కూడా ఫుట్‌పాత్ మట్టానికి సరిగ్గా వస్తాయి. భవనాలను పాత మట్టంలోనే ఉంచి ముందు మాత్రం ఫుట్‌పాత్ లేపితే తలుపుల అడుగు భూమిలో కూరుకుపోయినట్టు ఉంటుంది. ఇంకా సందు మిగిలితే గోడ లోపలి వైపు నల్లరంగు పూసిన సన్నని పట్టీ అతికించండి.

అడుగున ఫోమ్ ఉన్నట్లయితే స్టైరీన్‌కు వాడే ద్రావకపు జిగురు దాన్ని కరిగించేస్తుంది. తెల్ల జిగురు ఫోమ్‌ను పట్టుకుంటుంది గానీ స్టైరీన్‌ను గట్టిగా పట్టుకోదు. అందుకే నేను నీళ్లతో శుభ్రమయ్యే అక్రిలిక్ సీలెంటును (సందులు పూడ్చే ముద్దను) పల్చగా పూసి, ఒక రాత్రంతా బరువు పెడతాను. స్టైరీన్ వేడికి సాగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఒక మీటరు పొడవు ముక్క 20 డిగ్రీల తేడాకు ఒక మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. మీ 30 సెంటీమీటర్లకు అది పెద్ద విషయం కాదు గానీ రేపు వీధిని పొడిగిస్తే ముక్కల మధ్య చిన్న ఎడం వదలవలసి ఉంటుంది.

తారు నేలకు 400 నంబరు ఉప్పుకాగితం బాగా పనికొస్తుంది. దాని రేణువు దాదాపు 35 మైక్రాన్లు, అంటే స్కేలులో 3 మి.మీ. కంకర. 80 నంబరు వాడితే గులకరాళ్లు పరచినట్టు ఉంటుంది. సాధారణంగా షీటు పొడవు 28 సెంటీమీటర్లే కాబట్టి మీకు ఒక అతుకు తప్పదు. దాన్ని ఒక కారు గీత కిందికి వచ్చేలా చూసుకోండి. కోసేటప్పుడు వెనుకవైపు నుంచి కోయండి, లేకపోతే కత్తి పదును ఒక్క కోతతోనే పోతుంది.

బ్యాలస్ట్

స్లీపర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయం తప్ప. ఉప్పుకాగితాన్ని దాని సొంత నలుపుతోనే వదిలేయకూడదు. కొత్తగా వేసిన తారే నల్లగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకూ గాలికీ పైనున్న తారు వెలిసి, అరిగి, లోపలి కంకర బయటపడి నేల బూడిదరంగుకు తిరుగుతుంది. కాబట్టి గొట్టంలోని నల్లరంగును అసలు ముట్టుకోకండి. ముదురు బూడిదరంగుతో మొదలుపెట్టి, అది ఆరాక లేత బూడిదరంగును దాదాపు పొడిగా ఉన్న కుంచెతో పైపైన రాయండి. మెరుపు ఏమాత్రం ఉండకూడదు.

ఆపైన కారు నిలిచే చోటును దగ్గరగా గమనించండి. ఇంజన్ ఆగే భాగంలో, గీతలకు సరిగ్గా నడుమ, చుక్కలుగా పడి కాలక్రమంలో కలిసిపోయిన నూనె మరక ఉంటుంది. స్టేషనుకు దగ్గరి చోట్లు ఎక్కువగా వాడతారు కాబట్టి అక్కడ మరకలు ముదురుగా, దూరంగా ఉన్న చోట్ల దాదాపు లేనట్టుగా ఉండాలి. నా దృష్టిలో పార్కింగ్‌కు ప్రాణం పోసేది ఈ తేడాయే. ముదురు గోధుమరంగు పాస్టెల్ పొడిని వేలికొనతో అద్దితే సరిపోతుంది. గీతల వెడల్పు 1.2 మి.మీ. దాటనివ్వకండి. మాస్కింగ్ టేప్ రెండు పట్టీల మధ్య తెల్లరంగును పొడి కుంచెతో వేసి, కారు చక్రాలు తొక్కే చోట కొంచెం గీకి తీసేయండి.

ఫుట్‌పాత్‌కు బూడిదరంగులో చిటికెడు లేత ఇసుకరంగు కలిపితే కాంక్రీటు వెచ్చదనం వస్తుంది. రెండు మూడు పలకలను మిగతావాటి కన్నా లేతగా ఉంచితే ఈ మధ్యనే మార్చినట్టు అనిపిస్తుంది. గాళ్లలోకి దిగడానికి నీళ్లలో కాస్త నల్ల సిరా, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి పారించండి. మ్యాట్ వార్నిష్ వేసిన తరువాత ఆల్కహాల్ కలిపిన సిరా వాడితే తెల్లటి పొర కట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ క్రమం వద్దు.

లూప్‌లైన్

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. కార్లు కొలిచాను, మీటర్‌గేజ్ గారి అనుమానం నిజమే. ఆరింటిలో నాలుగు 68 నుంచి 72 మి.మీ. మధ్య ఉన్నాయి, వాటిని తీసి పక్కన పెట్టాను. కాగితం మీద మీరు చెప్పిన కొలతలకు నమూనా కోసి పరచి చూస్తే ఒక వరుసలో తొమ్మిది చోట్లు పడుతున్నాయి, కానీ ప్రవేశం పక్కనున్న చివరి చోటులోకి కారు తిరగడానికి వీలు లేదు. అందుకే ఎనిమిదే ఉంచి, తొమ్మిదో దాన్ని ఫుట్‌పాత్ మలుపుకూ ఒక చెట్టుకూ వదిలేశాను. స్టైరీన్ షీటు కోసి భవనాల కిందికి దూర్చి, నిన్న రాత్రి గది దీపం ఆర్పి దుకాణాల దీపాలు వెలిగించి చూశాను. గోడల అడుగున వెలుతురు కనిపించలేదు. గాళ్ల పక్క ఉబ్బును ఈ వారం రుద్ది, తరువాత రంగు మొదలుపెడతాను.