అప్‌డేట్: నోటిఫికేషన్ పాపప్ సమస్య తీరింది

సెలీనియంలో (బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపించే టూల్) క్రోమ్ నోటిఫికేషన్ అనుమతి పెట్టె అడ్డొస్తోందని, దాన్ని కోడ్‌తో పట్టుకుందామని అలర్ట్‌కి స్విచ్ చేస్తే 'నో సచ్ అలర్ట్' అనే ఎర్రర్ వస్తోందని ఇంతకుముందు అడిగాను కదా. కారణం దొరికింది: ఆ పెట్టె పేజీది కాదు, బ్రౌజర్‌ది. అలర్ట్, కన్ఫర్మ్, ప్రాంప్ట్ లాంటి జావాస్క్రిప్ట్ డైలాగులే ఆ స్విచ్‌కి దొరుకుతాయి.

కాబట్టి పెట్టెను నొక్కే ప్రయత్నం మానేసి, అసలు రాకుండా చేశాను. క్రోమ్ ఆప్షన్స్‌లో 'ప్రిఫ్స్' (ప్రిఫరెన్సెస్) కింద 'ప్రొఫైల్.డిఫాల్ట్_కంటెంట్_సెట్టింగ్_వాల్యూస్.నోటిఫికేషన్స్' విలువ 2 ఇస్తే నిరాకరణ, 1 ఇస్తే అనుమతి. ఇది డ్రైవర్ (కోడ్ తరఫున క్రోమ్‌ని నడిపే ప్రోగ్రాం) మొదలయ్యే ముందే ఇవ్వాలి; సెషన్ తెరిచాక ఆప్షన్స్ మార్చినా ఫలితం ఉండదు. నేను మొదట తప్పింది సరిగ్గా అక్కడే.

జావా రోబోట్ క్లాస్‌తో (కీబోర్డు నొక్కినట్టు చేసే కోడ్) ఎంటర్ కొట్టించమన్న సలహా మాత్రం వద్దు. విండో ఫోకస్ పోతే ఆ ఎంటర్ ఇంకెక్కడో పడుతుంది, హెడ్‌లెస్‌లో (విండో కనబడకుండా బ్రౌజర్ నడిచే పద్ధతి) అసలు పనికిరాదు.

లొకేషన్ పెట్టెకీ ఇదే దారి, చివర 'నోటిఫికేషన్స్' బదులు 'జియోలొకేషన్' అని రాయాలి.