‘మారుమనస్సు’, ‘పశ్చాత్తాపం’ రెండూ ఒకటేనా?

మొన్న ఆదివారం చర్చిలో మత్తయి సువార్త మూడో అధ్యాయం చదివారు. అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) రెండో ఆదివారం కదా, ఏటా ఆ రోజు యేసు రాకను ముందుగా చాటిన బాప్తిస్మమిచ్చు యోహాను రావాల్సిందే, “మారుమనస్సు పొందుడి” అని కేకెయ్యాల్సిందే. ఇంటికొచ్చాక ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది: “నాన్నా, మారుమనస్సంటే పశ్చాత్తాపమేనా? మరి మా తెలుగు వాచకంలో ఉన్న మాటే పెట్టొచ్చుగా?” నేను “ఆ, రెండూ ఒకటేలే” అనేసి అన్నం కలుపుకున్నాను. మధ్యాహ్నం నిద్ర పట్టక బైబిలు తీసి చూస్తే, ఒకటి కాదు.

మన తెలుగు బైబిలు అనువాదకులు పశ్చాత్తాపం అనే మాట ఎరగక మారుమనస్సు అనలేదు. అదే మత్తయిలో 27వ అధ్యాయం చూడండి. యేసుకు శిక్ష పడిందని తెలిశాక, ఆయన్ని పట్టించిన శిష్యుడు యూదా “పశ్చాత్తాపపడి” ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత పోయి ఉరి పెట్టుకున్నాడు. అక్కడ ‘మారుమనస్సు పొంది’ అని లేదు. మూల గ్రీకులో కూడా రెండు చోట్లా ఉన్నది వేర్వేరు మాటలే. యోహాను చెప్పింది మెటనోయియా, యూదాకు కలిగింది మెటమెలోమాయి అనే క్రియ. అనువాదకులు ఆ తేడా చెరిపేయలేదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. ‘మెటా’ అంటే తర్వాత అనీ, మార్పు అనీ రెండు ఛాయలు. ‘పశ్చాత్’ అంటే కూడా తర్వాతే. జరిగిపోయాక లోపల కాలడం పశ్చాత్తాపం. అందులో చూపు వెనక్కే. మెటనోయియాలో రెండో సగం ‘నూస్’, అంటే మనస్సు. దాన్ని మారు + మనస్సు అని చక్కగా దించారు. ఈ మాటలో తాపం లేదు, కన్నీళ్లు లేవు. మనస్సు మారడం తప్ప ఇంకేమీ లేదు.

మీరేమంటారు?

*

— మారు మాట మీద నాదో సందేహం. మారువేషం, మారుపేరు, మారుతల్లి... వీటిలో మారు అంటే ‘ఇంకొక’ అని కదా. ఆ లెక్కన మారుమనస్సు అంటే ఇంకో మనసు తగిలించుకోవడం అవుతుంది. వేషగాళ్ల పనిలా లేదూ? తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, చెవికి అలాగే తగులుతుంది.

— మేడం గారూ, మీరన్న అర్థం కాదనలేను. నేను ‘మారిన మనస్సు’ అని చదువుకుంటున్నాను. నిజానికి చర్చి బయట ఈ సమాసం ఎవరూ వాడరు కాబట్టి తగవు తీర్చే వాడుక కూడా లేదు. బయట మనం “మనసు మార్చుకున్నాడు” అంటాం. అది చీరల కొట్లో కూడా జరుగుతుంది.

— మేం కేథలిక్కులం. మా తెలుగు బైబిల్లో ‘హృదయపరివర్తనము’ అని ఉంటుంది. మాకు యోహాను గారు స్నాపక యోహాను, బాప్తిస్మం జ్ఞానస్నానం, మీ అడ్వెంట్ మాకు ఆగమన కాలం. ఒకే ఊళ్లో రెండు వీధుల అవతల ఉన్న రెండు గుళ్లలో రెండు తెలుగులు! ఆ ఆగమన కాలంలో మా గురువులు, అంటే ఫాదర్లు, ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు, మూడో ఆదివారం మాత్రం గులాబీ రంగు. పండగ ముందు పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లడం మాకు అలవాటు. అందులో పశ్చాత్తాపం లేకుండా ఎలా కుదురుతుంది? మీరు దాన్ని మరీ తీసిపారేస్తున్నట్టుంది.

— లేదు అక్కా, తీసెయ్యలేదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 7:10లో అపొస్తలుడు పౌలు ఈ మాటే విడమరిచాడు: “దైవచిత్తానుసారమైన దుఃఖము రక్షణార్థమైన మారుమనస్సును కలుగజేయును.” దుఃఖం దారి, చేరాల్సిన చోటు మారుమనస్సు. యూదా దారిలోనే ఆగిపోయాడు. హృదయపరివర్తన మంచి మాటే, అందరికీ అర్థమవుతుంది కూడా. కానీ మెటనోయియాలో ఉన్నది ఆలోచన, బుద్ధి. హృదయం అనగానే తెలుగువాడికి భావోద్వేగం గుర్తొస్తుంది. పశ్చాత్తాపాన్ని వెనక గుమ్మంలోంచి మళ్లీ తెచ్చినట్టు అవుతుందేమోనని నా అనుమానం.

— చెన్నై నుంచి. ఇక్కడ తమిళంలో మనందిరుంబుదల్ అంటారు, మనసు తిరగడం. హిందీ బైబిల్లో “మన్ ఫిరావో”, అదీ తిప్పడమే. మలయాళీలది మానసాంతరం, మన మాటకు చుట్టం. తమిళం, హిందీ పాత నిబంధన (బైబిలులో యేసుకు ముందటి హీబ్రూ భాగం) వైపు మొగ్గాయనిపిస్తుంది, హీబ్రూలో ‘షూవ్’ అంటే వెనుదిరగడమే కదా.

— భలే చెప్పారు. మన పాత నిబంధనలో ఆ తిరగడం అలాగే ఉంది. యోవేలు 2:13లో “మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని” ఆయన తట్టు తిరగమంటాడు. అదే వచనంలో పశ్చాత్తాపపడేది ఎవరో తెలుసా? దేవుడు! తలపెట్టిన కీడు చేయక “పశ్చాత్తాపపడును” అని ఉంది. అటు సంఖ్యాకాండం 23:19లోనేమో “పశ్చాత్తాపపడుటకు ఆయన నరపుత్రుడు కాడు.” ఈ రెంటినీ కలపడం నా వల్ల కాదు, పాస్టర్లకు వదిలేస్తున్నా. మాట వరకు చెప్పాలంటే, దేవుడికి పశ్చాత్తాపం అనే మాట వాడగలిగారు గానీ మారుమనస్సు అన్నది పాపం చేసే మనిషికే అట్టిపెట్టారు.

— చర్చ బాగుంది గానీ ఒక చిక్కు. మత్తయి 21లో ఇద్దరు కొడుకుల కథ ఉంది. మొదటివాడు పోనని చెప్పి, తర్వాత “మనస్సు మార్చుకొని” పనికి వెళ్తాడు. అక్కడ గ్రీకులో ఉన్నది యూదాకు వాడిన క్రియే. మరి మీ సూత్రం?

— దొరికిపోయాను. ఒప్పుకుంటున్నా, గ్రీకు మాటల మధ్య గీత నేను చెప్పినంత తిన్నగా లేదు. అయినా అనువాదకుడు అక్కడ పశ్చాత్తాపం అనలేదు. ఎందుకు? కొడుకు వెళ్లి పని చేశాడు కాబట్టి, అనుకుంటున్నా.

— నేను క్రైస్తవుణ్ణి కాదు, మాట మీద ఆసక్తితో వచ్చా. మా ఇళ్లలో తప్పు జరిగితే ప్రాయశ్చిత్తం అంటాం. మీ గ్రంథంలో ఆ మాట లేదా?

— ఉందండీ. లేవీయకాండంలో చాలా చోట్ల ఉంది. కానీ అక్కడ ప్రాయశ్చిత్తం చేసేది యాజకుడు, తప్పు చేసినవాడి కోసం. మారుమనస్సు ఒకరి కోసం ఇంకొకరు చేసేది కాదు.

— అన్నా, అసలు విషయం వదిలేశారు. మారుమనస్సు ‘పొందుడి’ ఏంటి? పొందడం అంటే ఎవరో ఇస్తే పుచ్చుకోవడం. బహుమతి పొందాడు, ఉద్యోగం పొందాడు అన్నట్టు. నా మనసు నేను మార్చుకోవాలి గానీ పొందమని ఆజ్ఞాపిస్తే ఎలా?

— తమ్ముడూ, నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. గ్రీకులో అది ఒకే క్రియ, పొందు అనేది అక్కడ లేదు. తెలుగులో నామవాచకం కట్టారు కాబట్టి దానికో క్రియ తగిలించాలి. ‘చేయుడి’ అనొచ్చు, ‘పొందుడి’ అన్నారు. అపొస్తలుల కార్యములు 11:18లో దేవుడు అన్యజనులకు కూడా మారుమనస్సు “దయచేసియున్నాడు” అని ఉంది. ఇచ్చేవాడున్నాడు కాబట్టి పొందడం సరిపోయింది.

నష్టం కూడా జరిగింది. పొందు వచ్చేసరికి అదొక సర్టిఫికెట్ అయిపోయింది. చర్చిలో మన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు “ఫలానా సంవత్సరం మారుమనస్సు పొందాను” అంటాం, అక్కడితో ఫైలు మూసేస్తాం. 1517లో ప్రొటెస్టంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటిదే ఈ మాట మీద. విశ్వాసి బతుకంతా మారుమనస్సుగానే సాగాలని యేసు ఉద్దేశం, అన్నాడు. ఒక్కసారి పొందితే చాలనుకుంటే ఏటా డిసెంబరులో యోహాను మళ్లీ ఎందుకు వస్తాడు? పైగా మన దగ్గర డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ (పండగకు ముందే జరుపుకునే వేడుక) కేకులు. నోట్లో కేకు పెట్టుకుని యోహాను చేత “ఓ సర్పసంతానమా” అని తిట్టించుకుంటున్నాం.

— మరి మీ అమ్మాయికి ఏం చెప్పారు?

— లూకా మూడో అధ్యాయం చదివించాను. జనం “మేమేమి చేయవలెను” అని అడిగితే యోహాను ఏడవమనలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు, సుంకరుల్ని (పన్ను వసూలు చేసేవాళ్లని) ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. తను చదివి, “సైనికుల్ని జీతంతో సరిపెట్టుకోమన్నాడు, నువ్వు రోజూ జీతం గురించే గొణుగుతావ్” అంది. చర్చ అక్కడితో ముగిసింది.

పోతే, ఇంకో మాట. అదే మత్తయి మూడో అధ్యాయంలో ఉంది: “ఆయన త్రోవలు సరాళము చేయుడి.” మా పిల్లలు దీన్ని ‘సరళం’ అని చదివేస్తున్నారు. మా వైపు పెద్దవాళ్లు గాలి సరాళంగా ఆడుతోంది, కాలవలో నీళ్లు సరాళంగా పోతున్నాయి అంటారు. అడ్డు లేకుండా అని. మీ ఊళ్లలో ఈ మాట ఇంకా బతికుందా? దేనికి వాడతారు?