షటిల్ గ్రూపులో కట్టిన మెంబర్‌షిప్ డబ్బు వెనక్కి అడగొచ్చా?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. నాలుగేళ్లుగా పొద్దున్నే ఒక ఇండోర్ కోర్టులో 22 మందిమి షటిల్ ఆడుతున్నాం. ఆదివారాలు మాలో మేమే డబుల్స్ లీగ్ పెట్టుకుంటాం. మెంబర్‌షిప్ 3,000, నెలకు 800, లీగ్ ఫీజు వేరే.

మోకాలు నొప్పికి డాక్టర్ రెండు నెలలు ఆడొద్దన్నారు. గ్రూపులో చెప్పే ఆగాను. తిరిగి వెళ్తే నా చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. చేరాలంటే మళ్లీ 3,000 కట్టాలట! పాత డబ్బు సంగతి అడిగితే "షటిల్స్‌కే అయిపోయినయ్ అన్నా" అంటున్నారు. ఈకల షటిల్ సంగతి నాకూ తెలుసు. 16 ఈకల్లో రెండు విరిగినా గాల్లో వంకర పోతుంది, పక్కన పడేయాల్సిందే. కానీ లెక్క ఏది? నోట్‌బుక్‌లో వసూళ్లన్నీ పేర్లతో సహా ఉన్నాయి, ఖర్చుల పేజీ ఖాళీ. ఫొటో తీసి పెట్టుకున్నాను.

డబ్బు కన్నా, రోజూ ఐదున్నరకు గేటు దగ్గర నాకోసం ఆగే మనుషులు ఇప్పుడు ఫోన్ ఎత్తకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

మాది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన క్లబ్ కాదు. రాసుకున్న రూల్స్ లేవు. నా దగ్గర ఉన్నవి యూపీఐ పేమెంట్లు, గ్రూపు మెసేజ్‌లే. వీటితో అడిగే హక్కు ఉంటుందా? దోస్తీ చెడకుండా ఎలా అడగాలి? వరంగల్, కరీంనగర్ వైపు ఆడేవాళ్లు, మీ గ్రూపుల్లో దెబ్బ తగిలినవాళ్ల చోటు ఎన్నాళ్లు ఆపుతారో దయచేసి చెప్పండి.